కబడ్డీకి జనం, షటిల్‌కి గదులు: కోనసీమలో రెండు టోర్నమెంట్ల లెక్క

నేను కోనసీమలో ఒక చిన్న పట్టణంలో ఆడిటర్ని. ఆటలతో నా సంబంధం చిన్నప్పుడు పసుపు ఉన్ని బంతితో ఆడిన బాల్ బ్యాడ్మింటన్ దగ్గరే ఆగిపోయింది. అయితే నా క్లయింట్లలో లాడ్జిలున్నాయి, టిఫిన్ సెంటర్లున్నాయి, షామియానాల సప్లయి కంపెనీ ఒకటుంది, కొబ్బరి వ్యాపారులున్నారు. ఊళ్లో ఏ సందడి జరిగినా ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి ఎంత వెళ్లిందో మార్చి నెలాఖరుకి నా బల్ల మీదికి వచ్చి తీరుతుంది.

అందుకే మా స్పోర్ట్స్ కమిటీ వాళ్లు రెండేళ్ల కిందట నా దగ్గరికే వచ్చారు. "మన టోర్నమెంట్ల వల్ల ఊరికెంత లాభమో ఓ కాగితం రాసిపెట్టండి మాస్టారూ, గ్రాంటుకి పెట్టుకుంటాం" అన్నారు. వారం రోజుల పని అనుకున్నాను. రెండేళ్లు పట్టింది. మొదటి కాగితం తప్పు రాశాను కూడా. ఆ తప్పుతో కలిపి ఇక్కడ పెడుతున్నాను. లెక్కలు క్లయింట్లవి కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు ఉండవు.

కమిటీ ఏడాదికి రెండు పోటీలు పెడుతుంది. సంక్రాంతి వెళ్లిన పది రోజులకు హైస్కూల్ గ్రౌండ్‌లో రాత్రిపూట కబడ్డీ. తర్వాత ఇండోర్ హాల్లో పిల్లల షటిల్ బ్యాడ్మింటన్. ఊళ్లో ఎవరినడిగినా పెద్దది కబడ్డీయే అంటారు. చందాలు దానికే ఎక్కువ, ఫ్లెక్సీలు దానికే ఎక్కువ, ఎమ్మెల్యే గారు వచ్చేదీ దానికే. షటిల్‌కి హాల్లో కూర్చునేది పిల్లల తల్లిదండ్రులే.

కబడ్డీ

24 జట్లు, నాలుగు రాత్రులు. జట్టుకి 12 మంది. కోర్టులో ఏడుగురు, బయట ఐదుగురు. కోచ్, మేనేజర్ కలిస్తే 14. అంటే 336 మంది ఊళ్లోకి వచ్చారు. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ వాళ్లు పడుకున్నది హైస్కూల్ తరగతి గదుల్లో, బెంచీలు పక్కకి జరిపి, సప్లయి కంపెనీ ఇచ్చిన పరుపుల మీద. తిన్నది కమిటీ వంటమేస్త్రి వండింది. నాలుగు రోజుల్లో వాళ్లు సొంత జేబులోంచి పెట్టిన ఖర్చు టీ, అరటిపళ్లు, ఫోన్ రీఛార్జ్. లాడ్జిల్లో దిగింది రెఫరీలే. వాళ్ల బిల్లూ కమిటీదే.

ఇక జనం. చివరి రాత్రి ఇరవై వేల మంది అని పేపర్లో పడింది. మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని గ్రౌండ్‌కి వెళ్లాను. గ్యాలరీ మూడు వైపులా ఉంది, ఒక్కో వైపు 120 అడుగులు, ఏడు మెట్లు. మనిషికి అడుగున్నర వేసుకుంటే మెట్టుకి 80 మంది, వైపుకి 560, మూడు వైపులా 1,680. గోడలెక్కినవాళ్లు, తాళ్ల వెనక నిలబడ్డవాళ్లు ఇంకో వెయ్యి అనుకుందాం. ఏడు మెట్ల గ్యాలరీలో ఇరవై వేల మంది నిజంగా ఎక్కి ఉంటే మనం వేరే వార్త చదివేవాళ్లం. 2021లో సూర్యాపేటలో జూనియర్ జాతీయ కబడ్డీ పోటీలప్పుడు గ్యాలరీ కూలి వంద మందికి పైగా గాయపడ్డారు. మా కమిటీ దాని గురించి ఎప్పుడూ మాట్లాడదు. గ్యాలరీకి ఇంజనీరు సర్టిఫికెట్ తీసుకోమని నేను ప్రతిసారీ రాస్తాను, వాళ్లు ప్రతిసారీ నవ్వుతారు.

ఎంత మంది వచ్చారన్నదాని కంటే ఎక్కడి నుంచి వచ్చారన్నదే నాకు కావాలి. డిగ్రీ కాలేజీ కుర్రాళ్లు నలుగురిని గేటు దగ్గర పెట్టి మూడు ప్రశ్నలు అడిగించాను. ఎక్కడి నుంచి వచ్చారు? రాత్రికి ఎక్కడ పడుకుంటారు? ఈ ఆట లేకపోతే ఈ వారం మా ఊరు వచ్చేవారా? మొత్తం 210 మందిని అడిగారు. కోనసీమ దాటి వచ్చినవాళ్లు తొమ్మిది మంది. రాత్రికి ఉండేవాళ్లు నలుగురు. నలుగురూ చుట్టాల ఇళ్లలోనే.

డబ్బు సంగతి చూద్దాం. ఖర్చు మొత్తం తొమ్మిది లక్షలు. బహుమతులు లక్ష, అరవై వేలు, సెమీస్‌లో ఓడినవాళ్లకి చెరో ముప్పై వేలు. మొదటిదీ, రెండోదీ, ఒక సెమీస్‌దీ బయటి జిల్లాల జట్లు పట్టుకెళ్లాయి: లక్షా తొంభై వేలు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మట్టి కోర్టులో ఆడటానికి మంచి జట్లు రావడం లేదు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పున మ్యాట్ పరవాలి. ఆ మ్యాట్లు, ఇనప గ్యాలరీలు పక్క జిల్లా నుంచి అద్దెకొస్తాయి. దానికి లక్షా అరవై వేలు. ఈ రెండూ కలిపితేనే మూడున్నర లక్షలు ఊరు దాటాయి. ఊళ్లోకి వచ్చిన బయటి డబ్బేదైనా ఉందంటే అది హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మా ఊరివాళ్లు పంపిన చందా, రెండున్నర లక్షలు. అది ఊరి మీద మమకారం. టూరిజం కాదు.

అంటే ఊరందరూ 'మా కబడ్డీ వల్ల వ్యాపారాలు లేచాయి' అనుకున్న నాలుగు రోజుల్లో, వచ్చినదాని కంటే పోయినదే ఎక్కువ. గ్రౌండ్ పక్కన మిరపకాయ బజ్జీల బండి పెట్టిన ఒకావిడ మాత్రం నాలుగు రాత్రుల్లో మామూలు నెల సంపాదన చూసింది. ఆ బజ్జీలు కొన్నది మా ఊరివాళ్లే. ఆ సాయంత్రం వాళ్లు బస్టాండ్ సెంటర్లో పునుగులు తినలేదు, అంతే. ఊరి మొత్తం లెక్కలో అది సున్నా. ఆవిడ ఇంటి లెక్కలో సున్నా కాదు. ఆ తేడాని నా రిపోర్టులో ఏ గడిలో వేయాలో నాకింకా తెలియలేదు, కానీ వదిలేయడానికి మనసొప్పలేదు, కింద ఒక వాక్యంగా రాశాను.

షటిల్

అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్జౌ ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం కొట్టాడు. బ్యాడ్మింటన్‌లో మన దేశానికి ఆసియా క్రీడల్లో అదే మొదటి స్వర్ణం. ఆ నెలలోనే వాళ్ల జోడీ ప్రపంచ నంబర్ వన్ అయింది. దాంతో కోనసీమలో టోర్నమెంట్ అంటే బయట కోచింగ్ సెంటర్ల వాళ్లు కూడా ఓసారి చూసొద్దాం అంటారని కమిటీకి ఆశ పుట్టింది. ఆశ తప్పు కాలేదు.

అండర్-13, అండర్-15, మగపిల్లలు, ఆడపిల్లలు. మగపిల్లల డ్రా (ఎవరు ఎవరితో ఆడాలో వేసుకునే పట్టిక) 64 మంది చొప్పున, ఆడపిల్లలది 32 చొప్పున, వెరసి 192 మంది పిల్లలు. మా చుట్టుపక్కల వాళ్లు 52 మంది, బయటివాళ్లు 140 మంది. కబడ్డీకి వచ్చిన 336 మందితో పోలిస్తే సగం కూడా లేరు. కానీ పదమూడేళ్ల పిల్లాడు ఒంటరిగా రాడు. నాన్నో అమ్మో వెంట వస్తారు, ఒక్కోసారి ఇద్దరూ వస్తారు, చెల్లెల్నీ తెస్తారు. వాళ్లు తరగతి గదిలో బెంచీల మధ్య పడుకోరు.

ఇంకో సంగతి. కోనసీమకి రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం లైను మా తరం మొత్తం ఎదురుచూస్తూనే ఉంది. విజయవాడ నుంచో విశాఖ నుంచో వచ్చేవాళ్లు రాజమండ్రిలోనో, పాలకొల్లులోనో దిగి బస్సెక్కాలి. శుక్రవారం పొద్దున్న ఎనిమిదికి రిపోర్టింగ్ అంటే గురువారం రాత్రికే ఊళ్లో ఉండాలి. మామూలుగా మేం తిట్టుకునే రైలు లేకపోవడం లాడ్జివాళ్లకి ఆ ఒక్క రాత్రి వరమైంది.

ఊళ్లో చెప్పుకోదగ్గ లాడ్జిలు మూడు, మొత్తం 104 గదులు. మూడింటి లెక్కలూ నేనే చూస్తాను. పేర్లు అక్కర్లేదు, గదుల సంఖ్య మాత్రం చెప్పండని యజమానులను అడిగాను. ఒక లాడ్జి మేనేజరు రిజిస్టరు నా వైపు తిప్పకుండా, వేలితో గీత వెంబడి జరుపుకుంటూ చదివాడు. "గురువారం మావి ముప్ఫై నాలుగూ ఫుల్లండి. శుక్రవారం మధ్యాహ్నం నుంచీ తాళాలిచ్చేయడం మొదలెట్టారండి. కళ్లు తుడుచుకుంటా దిగినోళ్లే అందరూ ఆయ్."

ఆ మాట దగ్గరే నాకు అసలు విషయం దొరికింది. టోర్నమెంట్ల గురించి నేను చదివిన రిపోర్టుల్లో ప్రేక్షకులెంత, ప్రైజ్ మనీ ఎంత అని ఉంటుంది. డ్రా షీటు గురించి ఉండదు. నాకౌట్‌లో ఓడినవాడు ఇంటికెళ్తాడు. 64 మంది డ్రాలో మొదటి రౌండు కాగానే 32 మంది అయిపోయారు. మా నాలుగు డ్రాల్లో శుక్రవారం సాయంత్రానికి సరిగ్గా 96 మంది పిల్లలు ఆట అయిపోయి బ్యాగులు సర్దుకున్నారు. 188 మ్యాచుల టోర్నమెంట్‌లో సగం మ్యాచులు మొదటి రోజే అయిపోయాయి, సగం పిల్లలూ మొదటి రోజే వెళ్లిపోయారు. మూడు రోజుల పండగ అని ఫ్లెక్సీ వేశాం గానీ సగం కుటుంబాలకి అది ఒకరోజు ప్రయాణం.

మూడు లాడ్జిల్లో కలిపి గదులు ఇలా నిండాయి: గురువారం రాత్రి 92, శుక్రవారం 51, శనివారం 18. మొత్తం 161. ఒక గది ఒక రాత్రి నిండితే ఒకటి, అలా లెక్క. నా మొదటి రిపోర్టులో ఈ 161ని గది అద్దెతో గుణించి, కుటుంబాల తిండి ఖర్చు కలిపి, దాని మీద 'గుణకం' (వచ్చిన డబ్బు ఊళ్లో చేతులు మారుతూ ఎన్ని రెట్లు పని చేస్తుందన్న లెక్క) అని రెండు పెట్టి హెచ్చించి, పెద్ద అంకె ఒకటి అడుగున బోల్డ్‌లో రాశాను. కమిటీ వాళ్లు కళ్లకద్దుకున్నారు.

తప్పు

ఆ కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అధికారి పేజీ తిప్పి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "మామూలు శనివారం ఈ గదులు ఎన్ని నిండుతాయి?"

నేను నీళ్లు నమిలాను. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాణ్ణి, మూడు లాడ్జిలకీ రిటర్నులు వేసేవాణ్ణి, ఆ ప్రశ్న నాకే రావాల్సింది.

తిరిగొచ్చి ముందు నాలుగు వారాల రిజిస్టర్లు తీయించాను. మా లాడ్జిల్లో వారం మధ్యలో గదులు ఖాళీగా ఉండవు. మెడికల్ రెప్‌లు, రొయ్యల మేత కంపెనీల వాళ్లు, గ్యాస్ బావుల దగ్గర పనిచేసే కాంట్రాక్టు స్టాఫ్ వస్తూనే ఉంటారు. గురువారం సగటున 30 గదులు వాళ్లవే. షటిల్ వాళ్లు 92 తీసుకోగానే మిగిలింది 12. అంటే 18 మంది రెగ్యులర్ కస్టమర్లు ఆ రాత్రి రావులపాలెమో రాజోలో వెళ్లిపోయారు. కొత్తగా వచ్చింది 92 కాదు, 74. శుక్రవారం రెగ్యులర్లు 25, షటిల్ వాళ్లు 51, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ 51 నికరంగా కొత్తవే.

శనివారం సంగతి ఇంకా చేదు. మొదటి ఏడాది మేం పోటీలు పెట్టింది మాఘమాసంలో. ఆ శనివారం మంచి ముహూర్తం ఉంది. ఊళ్లో రెండు పెద్ద పెళ్లిళ్లు. దానికి తోడు ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్లే జనం. షటిల్ వాళ్లు ఆ 18 గదులు ఖాళీ చేసి ఉంటే రెండు గంటల్లో పెళ్లివారు దిగిపోయేవారు. పైగా పెళ్లివారికైతే అద్దె ఎక్కువ. కాబట్టి శనివారం రాత్రి ఊరికి ఒరిగింది సున్నా.

74, 51, సున్నా. మొత్తం 125. నేను బోల్డ్‌లో రాసిన అంకెకి పునాది అయిన 161 అక్కడే కుంగింది.

రెండో ఏడాది

పాఠం బోధపడ్డాక కమిటీని రెండు విషయాలు అడిగాను. ఒకటి, తేదీ మార్చమని. పెళ్లిళ్లు లేని రోజులు చూడండి అన్నాను. మా ప్రాంతంలో వ్యాపారానికి రెండు కాలాలే ఉన్నాయి, ముహూర్తాల కాలం, మూఢం కాలం. మూఢంలో కల్యాణ మండపం ఖాళీ, సప్లయి కంపెనీ కుర్చీలు గోడౌన్‌లో, వంటమేస్త్రి ఇంట్లో, లాడ్జిలో ఫ్యాన్లు ఆపేసిన గదులు. అప్పుడు వచ్చిన ప్రతి మనిషీ కొత్త మనిషే. ఆషాఢం బాగుంటుందని కొందరన్నారు, కానీ అది వరదల కాలం. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే చాలు, టీవీ చూసి బయటి తల్లిదండ్రులు టిక్కెట్లు రద్దు చేసుకుంటారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి వారంలో ఎవడూ పిల్లల్ని తీసుకుని కోనసీమకి రాడు. చివరికి భాద్రపదంలో, వినాయక చవితి అయ్యాక వచ్చే పితృపక్షాల్లో పెట్టాం. ఒక పెద్దాయన "ఆ రోజుల్లో ఏ పనీ మొదలెట్టకూడదు" అన్నాడు. "మొదలెట్టింది పోయినేడే కదండీ, ఇది రెండోది" అని మా పీఈటీ మాస్టారు సర్దిచెప్పాడు.

రెండోది, డ్రా మార్చమని. మొదటి రౌండులో ఓడిన 96 మందికి రెండో రోజు విడిగా ఇంకో డ్రా, ప్లేట్ రౌండ్ అంటారు. దాంతోపాటు డబుల్స్ కూడా రెండో రోజే మొదలు. ఆడదామని వచ్చిన పిల్లాడు కనీసం రెండు రోజులు ఆడతాడు. కోచ్‌లకి ఇది మహా నచ్చింది. రెండు వందల కిలోమీటర్లు తెచ్చి ఇరవై నిమిషాలు ఆడించి తీసుకెళ్లడం వాళ్లకీ బాధే. మ్యాచులు పెరిగాయి కాబట్టి నాలుగు కోర్టులు చాలవు. పక్క కాలేజీలో రెండు కోర్టులు అడిగి తీసుకున్నాం.

ప్రైజులు మార్చలేదు. ఎంట్రీలు దాదాపు అంతే. గదులు: గురువారం 96, శుక్రవారం 88, శనివారం 47. మొత్తం 231. రెగ్యులర్ కస్టమర్లకి దొరక్కుండా పోయినవి గురువారం 22, శుక్రవారం 9. శనివారం పెళ్లిళ్లు లేవు, ఎవరినీ వెనక్కి పంపలేదు. అవి తీసేస్తే నికరంగా 200. మొదటి ఏడాది 125, రెండో ఏడాది 200. కొత్త స్టేడియం కట్టలేదు, సెలబ్రిటీని పిలవలేదు. పంచాంగం చూశాం, డ్రా షీటు తిరగరాశాం.

రెండో రోజు ఆగినవాళ్ల ఖర్చులో ఇంకో విశేషం ఉంది. మొదటి రోజు తల్లిదండ్రులు హాలు వదిలి కదలరు, టెన్షన్. రెండో రోజు ప్లేట్ రౌండ్‌కి టెన్షన్ ఉండదు, మ్యాచ్‌కి మ్యాచ్‌కి మధ్య మూడు గంటలు ఖాళీ. అమ్మలు నలుగురు కలిసి ఆటో మాట్లాడుకుని బండారులంక చీరలు చూడ్డానికి వెళ్లారు. ఒక కుటుంబం అయినవిల్లి వినాయకుడి దగ్గర పిల్లాడి రాకెట్ పెట్టి పూజ చేయించుకొచ్చింది. వెళ్లేటప్పుడు చాలామంది ఆత్రేయపురం పూతరేకులు ఎక్కడ దొరుకుతాయని అడిగి మరీ కొనుక్కెళ్లారు.

హాలు పక్క సందులో టిఫిన్ సెంటర్ నడిపే ఆవిడ ఈ మార్పుని నాకంటే ముందే పసిగట్టింది. మామూలుగా ఆరున్నరకి తెరిచేది, ఆ మూడు రోజులు తెల్లవారి ఐదింటికే పొయ్యి వెలిగించింది. "ఆటకెళ్లే పిల్లలు నూనె వస్తువు ముట్టరండి. ఇడ్లీయే, అదీ కారప్పొడి లేకుండా. తండ్రులు మాత్రం పెసరట్టు ఉప్మాకి వస్తారు, పిల్లాడు ఆడుతుంటే ఈళ్లకి ఆకలి" అంది. రెండో రోజు నుంచి పనస ఆకుల బుట్టల్లో పొట్టిక్కలు (ఆ బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు) వేసింది. బయటివాళ్లు ఫోటోలు తీసుకుని, మళ్లీ తిన్నారు.

వంద రూపాయలు ఎంతసేపు ఉంటాయి

డబ్బు ఊళ్లోకి రావడం ఒకటి, ఉండటం ఇంకొకటి. రెండో ఏడాది 200 గదులకి సగటు అద్దె 1,200 వేసుకుంటే రెండు లక్షల నలభై వేలు. 40 కుటుంబాల చేత చీటీలు నింపించాను. గది కాక రోజుకి తిండి, ఆటోలు, కొనుగోళ్లు కలిపి సగటున 1,300 దాకా తేలింది. రెండు లక్షల అరవై వేలు. మొత్తం ఐదు లక్షలు. బయటి పిల్లలు కట్టిన ఎంట్రీ ఫీజుని ఇందులో కలపలేదు, ఎందుకంటే అది వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయింది. మొదటి ఏడాది చూడండి. 140 మంది, 600 చొప్పున, 84 వేలు. మ్యాచుకి మూడు షటిల్ కాక్‌లు అనుకుంటే 188 మ్యాచులకి 564, అంటే డజను కాక్‌ల ట్యూబులు 47. ఒక్కో ట్యూబు 1,700. ఎనభై వేలు. ఒక్కో కాక్‌కి 16 ఈకలు. ఆ ఈకల్లో ఒక్కటి కూడా గోదావరి జిల్లాల బాతుది కాదు. లంకల్లో ఇన్ని బాతులుండీ.

మిగతా ఐదు లక్షలూ అలాగే జారుతాయి. లాడ్జిలో కట్టిన వందలో కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ, ఆన్‌లైన్ బుకింగ్ కమిషన్ ఊరు దాటిపోతాయి. రూమ్ బాయ్‌ల జీతం, చాకలి ఖర్చు, వాచ్‌మన్ జీతం నిలుస్తాయి. ఇక యజమాని లాభం. మా మూడు లాడ్జిల్లో ఒకదాని యజమాని హైదరాబాద్‌లో ఉంటాడు, ఆయన లాభం నెలాఖరుకి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కినట్టే. టిఫిన్ సెంటర్ నయం: గ్యాసు, నూనె, మినప్పప్పు బయటివి, కొబ్బరి, పాలు, ఆకులు, పనివాళ్లు, యజమానురాలు ఊళ్లోవాళ్లే. అన్నిటికంటే గట్టిది హాలు గేటు దగ్గర కొబ్బరి బొండాల బండి. చెట్టు మాది, దింపినవాడు మావాడు, కొట్టి ఇచ్చినవాడు మావాడు. ఆ డబ్బులో పరాయి ఊరికి పోయేది ప్లాస్టిక్ స్ట్రా ఖరీదే.

నేను మొదటి రిపోర్టులో గుడ్డిగా పెట్టిన 'రెండు' ఇక్కడ కూలింది. వచ్చిన వందలో 40 ఊళ్లో మళ్లీ ఖర్చయి, ఆ 40లో మళ్లీ 16, అందులో ఆరున్నర, ఇలా పోతే చివరికి వంద కాస్తా 167 పని చేస్తుంది. 20 మాత్రమే నిలిస్తే 125. రెండు రావాలంటే ప్రతి చేతిలోనూ సగం ఊళ్లోనే తిరగాలి. విశాఖ లాంటి పెద్ద నగరంలో కావలసినవన్నీ అక్కడే దొరుకుతాయి కాబట్టి డబ్బు ఎక్కువసేపు తిరుగుతుంది. మా ఊళ్లో అన్నీ రాజమండ్రి హోల్‌సేల్ నుంచో, కాకినాడ నుంచో వస్తాయి. రెండో రిపోర్టులో గుణకం తీసేసి, ఐదు లక్షలు అని మాత్రం రాశాను. కమిటీ ప్రెసిడెంటు గారు కాగితం చూసి, "ఇంతేనా?" అన్నారు. ఇంతే.

ఆ లెక్క ఒక క్లయింటుకి పనికొచ్చింది. 2027 గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, పైగా ఊళ్లో టోర్నమెంట్లు జరుగుతున్నాయి, 40 గదుల లాడ్జి కట్టనా అని అడిగాడు. 40 గదులు ఏడాదికి 14,600 రాత్రులు. మా షటిల్ 200 రాత్రులూ మొత్తం అతనికే వచ్చినా నూటికి ఒకటిన్నర కూడా కాదు. పుష్కరం 12 రోజులు, బ్యాంకు అప్పు 12 ఏళ్లు. వద్దన్నాను. ఇప్పుడు 15 గదులతో కడుతున్నాడు.

సంక్రాంతి మాటేమిటి

ఇది చదివిన గోదావరి జిల్లావాడు ఎవడైనా ఈపాటికి అడిగే ఉంటాడు: లాడ్జిల సంగతి చెబుతూ సంక్రాంతి ఊసెత్తవేం? భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ భీమవరం నుంచి అమలాపురం దాకా గది దొరకదు, నిజమే. కోడి పందేలని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కాదంటున్నా జనం వస్తూనే ఉన్నారు. కానీ బరి దగ్గర చేతులు మారే డబ్బుకి బిల్లుండదు, రిజిస్టరుండదు. ఒకడు గెలిచింది ఇంకొకడు పోగొట్టుకున్నది. పోగొట్టుకున్నవాడు మా ఊరివాడైతే దాన్ని నేను టూరిజం ఆదాయం అని ఎలా రాయను?

2025 సంక్రాంతికి ఆత్రేయపురంలో కాలువ మీద డ్రాగన్ పడవల పోటీలు పెట్టారు. పందేలకి బదులు చూడదగ్గ ఆట, నాకు నచ్చింది. కాలువలున్న మా ప్రాంతానికి అంతకంటే తగిన ఆట లేదు కూడా. అయితే లెక్క రాసేటప్పుడు జాగ్రత్త. గట్టు మీద నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది ఆటుంటే వచ్చి లేకపోతే రానివాళ్లు కాదు. హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చిన కొడుకులు, కూతుళ్లు, కొత్త అల్లుళ్లు. అత్తారింటికి వచ్చిన అల్లుణ్ణి టూరిస్టు లెక్కలో వేయకూడదు. అవే పడవలు పితృపక్షాల్లో నడిపితే ఎంతమంది వస్తారన్నదే దాని అసలు బలం.

ఇప్పుడు

మూడో ఏడాది ఏర్పాట్లు జరుగుతున్నాయి. కబడ్డీ ఆపమని నేను చెప్పలేదు, చెప్పను. ఊళ్లో అన్ని కులాల కుర్రాళ్లూ ఒకే గ్యాలరీ మీద కూర్చునే రాత్రులు మాకు ఏడాదికి ఎక్కువ లేవు. దానికి చందా ఇచ్చేవాళ్లు సరదాకి ఇస్తున్నారు. సరదా అని రాయడానికి సిగ్గెందుకు? గ్రాంటు అప్లికేషన్‌లో మాత్రం కబడ్డీని ఆర్థిక లాభం కింద చూపించొద్దన్నాను. మ్యాట్లు రెండు మూడు ఊళ్లు కలిసి కొనుక్కుంటే ఆ అద్దె మిగులుతుందని పక్క కమిటీలతో మాట్లాడుతున్నాం. ఎవరి గోడౌన్‌లో ఉంచాలన్న దగ్గర ఆగింది.

షటిల్‌కి చిక్కొచ్చింది. రెండు కోర్టులిచ్చిన కాలేజీలో ఆ వారం పరీక్షలు. కోర్టులు నాలుగే అయితే రెండో రోజు 64 సింగిల్స్, 48 ప్లేట్ మ్యాచులు, మ్యాచుకి పాతిక నిమిషాల చొప్పున దాదాపు పన్నెండు గంటలు, ఇంకా డబుల్స్ మిగిలే ఉంటాయి. పిల్లలు రాత్రి పదకొండు దాకా ఆడాలి. ప్లేట్ రౌండ్‌లో 21 పాయింట్ల మూడు గేములకి బదులు ఒకటే గేము పెడదామని పీఈటీ మాస్టారు అంటున్నాడు. అలాగైతే మధ్యాహ్నానికే అయిపోయి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోతారేమోనని నా భయం. శనివారం పొద్దున్న సింగిల్స్, సాయంత్రం ప్లేట్ అని వేస్తే శుక్ర, శని రెండు రాత్రులూ దక్కుతాయి. ఆ షీటు ఇంకా తేలలేదు.

ఎంట్రీ ఫారంలో ఒక గడి చేర్చాం: ఎక్కడ దిగారు, ఎన్ని రాత్రులు. పోయినేడు ఈ ప్రశ్న చివరి రోజు చీటీ మీద అడిగాను. నింపి ఇచ్చిన 40 కుటుంబాల్లో ఎక్కువమంది క్వార్టర్స్ దాకా వచ్చినవాళ్లే అని తర్వాత గమనించాను. రోజుకి 1,300 అన్న నా సగటు కాస్త ఎక్కువే అయ్యుంటుంది. అందుకని ఈసారి ఫారం శుక్రవారం పొద్దున్న రిపోర్టింగ్ దగ్గరే తీసుకుంటాం. ఓడిన పిల్లాడి తండ్రి చేతికి చీటీ ఇస్తే నింపడు, బస్సు ఎప్పుడని అడుగుతాడు.